కఫం మాత్ర కంటికి పనికొస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయికి 22 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ రేచీకటి. ఈమధ్య పక్కనుంచి వచ్చే బండి కూడా కనపడటం లేదంటున్నాడు. రెటినైటిస్ పిగ్మెంటోసా అని తేల్చారు. కఫం కరగడానికి ఇచ్చే ఎసిటైల్‌సిస్టీన్‌ను ఈ జబ్బుకి పరీక్షిస్తున్నారట. మందుల షాపులో దొరికేదే కదా, వేయమంటారా?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: ఇప్పుడే మొదలుపెట్టకండి. ఆ మందు మీద ఆశ పెట్టుకోవడానికి మాత్రం కారణం ఉంది. ఈ జబ్బులో జన్యులోపం వల్ల మసక వెలుతురులో చూపునిచ్చే రాడ్ కణాలు ముందు చనిపోతాయి. అవి వాడుకోవాల్సిన ఆక్సిజన్ రెటీనాలో (కంటి వెనకపొరలో) మిగిలిపోయి, పగటి చూపునిచ్చే కోన్ కణాలను దెబ్బతీస్తుంది. ఆ దెబ్బను ఎసిటైల్‌సిస్టీన్ తగ్గిస్తుందని అంచనా.

అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ వైద్యులు 30 మందికి 24 వారాలు ఇచ్చి చూశారు. చూపు కాస్త మెరుగైంది. కానీ అందులో ఉత్తుత్తి మాత్ర వేసుకున్న జట్టు లేదు. చూపు పరీక్షకు రెండోసారి కూర్చున్నవాళ్లకి అలవాటు వల్లే మార్కులు పెరగొచ్చు. అందుకే 2023లో మొదలైన పెద్ద ట్రయల్‌లో కొందరికి ఉత్తుత్తి మాత్ర ఇస్తూ, అందరినీ 45 నెలలు గమనిస్తున్నారు. రెటీనా పొరలను చూపే ఓసీటీ స్కాన్‌లో కోన్ కణాల వరుస ఒక తెల్లటి గీతలా కనిపిస్తుంది. అది ఏటా ఎంత కురచవుతోందో కొలుస్తారు. మోతాదు రోజుకి రెండుసార్లు 1800 మిల్లీగ్రాములు, అంటే రోజుకి 600 మిల్లీగ్రాముల మాత్రలు ఆరు. అంతకు మించితే కడుపు తట్టుకోలేదు. ఉబ్బసం ఉన్నవాళ్లకి ఆయాసం రావచ్చు. నీళ్లలో పొంగే మాత్రల్లో సోడియం కూడా ఎక్కువ.

పాత మందే కదా, పోయేదేముందనుకోకండి. మూర్ఛకు వాడే వాల్ప్రోయేట్ ఇదే జబ్బుకి మంచిదని మొదట్లో కొద్దిమందిలో అనిపించింది. 90 మందితో సరిగ్గా పరీక్షిస్తే, ఆ మందు వాడినవాళ్లకే చూపు పరిధి ఎక్కువ కుంచించుకుపోయింది. 2018లో బయటపడ్డ సంగతిది.

మీరు ఇప్పుడు చేయాల్సింది జన్యు పరీక్ష. ఏ జన్యువో తెలిస్తేనే ఏ ట్రయల్‌కి అర్హుడో తేలుతుంది. ఓసీటీలో మాక్యులా (రెటీనా మధ్యభాగం) దగ్గర నీరు చేరిందేమో కూడా అడగండి. చాలామందిలో చేరుతుంది, డోర్జోలమైడ్ చుక్కలతో తరచూ తగ్గుతుంది. ఎవరైనా ట్రయల్ అంటే సీటీఆర్ఐ (మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ నంబరు అడిగి వెబ్‌సైట్‌లో సరిచూడండి. మందుకి డబ్బు అడిగితే సంతకం పెట్టకండి.