సుమో వస్తాదులకు జీతం ఎలా ఇస్తారు? నేను చూసింది చెబుతాను

"సుమో వస్తాదులకు ఇచ్చేది జీతమా, బహుమతి డబ్బా? కోట్లు వస్తాయట, నిజమేనా?" అని అడిగారు. ఆరేళ్లు టోక్యోలో ఉన్నాను కాబట్టి ఇంటికొస్తే చుట్టాలు కూడా ఇదే అడుగుతుంటారు. అందరి కళ్లూ యోకొజునా, అంటే అన్నిటికన్నా పై ర్యాంకు వస్తాదు మీదే. ఆయనకు నెలకు 30 లక్షల యెన్‌లు, ఆ కింద ఓజెకికి 25 లక్షలు. 2019లో పెంచిన లెక్క ఇది. టైటిల్ గెలిస్తే ఇంకో కోటి. సరే, కానీ అసలు చూడాల్సింది కిందివాళ్లని.

సుమోలో ఆరు తరగతులు. పై రెండు తరగతుల్లో కలిపి 70 మందే. నెల జీతం వాళ్లకి మాత్రమే. మిగతా ఐదువందల మందికి ఏడాదిలో జరిగే ఆరు పోటీలకు ఒక్కోదానికి ఇంత అని భత్యం, అంతే.

ఒక జనవరిలో ర్యోగొకు స్టేడియానికి పొద్దున్నే వెళ్లాను. హాలంతా ఖాళీ. కింద నుంచి రెండో తరగతి, జోనిదాన్ కుస్తీలు నడుస్తున్నాయి. మోకాలికి ఇంత లావు కట్టు కట్టుకుని ఒక కుర్రాడు దిగాడు. పంతొమ్మిదేళ్లు కూడా ఉండవు. మూడు సెకన్లలో గీత బయట పడ్డాడు. లేచి, వంగి నమస్కరించి, కాలు ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు. మధ్యాహ్నం కాఫీకి బయటికొస్తే అతనే స్టేషన్ దగ్గర కనిపించాడు. ఒంటి మీద పల్చటి నూలు యుకతా, కాళ్లకు చెక్క చెప్పులు. నేనేమో స్వెటర్ మీద కోటు వేసుకుని వణుకుతున్నాను. ఆ తరగతి వాళ్లు చలికాలంలో కూడా కోటు వేసుకోకూడదు, అది వాళ్ల ఆచారం. బట్టలు చూసి ఆదాయం చెప్పేయొచ్చు. అతనికి వచ్చేది పోటీకి 88,000 యెన్‌లు, అంటే రెండు నెలలకి. తిండీ పడకా ఉచితం కదా, చాలదా అంటారు కొందరు. నేను ఒప్పుకోను.

అదే రోజు సాయంత్రం హాలు కిక్కిరిసింది. పై తరగతి వాళ్ల కుస్తీకి ముందు కంపెనీల జెండాలు పట్టుకుని చుట్టూ తిరిగారు. గెలిచినవాడి కోసం ఒక్కో జెండాకు కంపెనీ కట్టేది 70,000 యెన్‌లు. అందులో 10,000 సుమో సంఘం తీసుకుని, 30,000 గెలిచినవాడి పేరున దాచి, మిగతా 30,000 అప్పట్లో నగదుగా కవర్లో పెట్టేవారు. రిఫరీ తన విసనకర్ర మీద పెట్టి అందించిన కవర్ల కట్ట ఇటుకంత మందం ఉంది.

ఈ రెండు లోకాల మధ్య గోడ ఎక్కడుందో తెలుసా? పై నుంచి రెండో తరగతి జూర్యో. దాని ఆఖరి మెట్టు మీద ఉన్నవాడికి నెలకు 11 లక్షలు. ఆ కింది మెట్టు మీద, మూడో తరగతి మకుషితలో ఉన్నవాడికి రెండు నెలలకు 1,65,000. పదమూడు రెట్ల తేడా. ఒక్క కుస్తీ ఓడితే ఇటు నుంచి అటు పడిపోవచ్చు.

తెరునొఫుజి సంగతే చూడండి. ఓజెకి స్థాయి మనిషి, మోకాళ్లు పోయి, షుగర్ వచ్చి, 2019 మార్చికి జోనిదాన్‌కి పడిపోయాడు. 2021లో యోకొజునా అయ్యాడు. అందరూ దాన్ని స్ఫూర్తి కథగా చెబుతారు. నాకు మాత్రం కోపం వస్తుంది. పోటీలో దెబ్బ తగిలినవాడి స్థానం కాపాడే నియమం ఒకటి ఉండేది. దాన్ని 2004లో ఎత్తేశారు. ఇప్పుడు ఆడకపోతే ఓడినట్టే లెక్క, ర్యాంకు పోతుంది, దాంతో డబ్బూ పోతుంది. అందుకే ఆ కుర్రాడు ఆ మోకాలితో దిగాడు.

మా నాన్న రైస్ మిల్లులో బస్తాలు మోసేవారు. నడుం పట్టేసిన రోజు కూడా తువ్వాలు బిగించి కట్టుకుని వెళ్లేవారు. వెళ్లని రోజుకి కూలి లేదు. ఆ మోకాలి కట్టు చూడగానే నాకు ఆ తువ్వాలే గుర్తొచ్చింది.

ఆ రోజు కుస్తీల కాగితంలో ఆ కుర్రాడి పేరు కింద గీత పెట్టుకున్నాను. మార్చిలో ఒసాకా పోటీకి ర్యాంకులు ప్రకటించాక వెతికాను. చిట్టచివరి తరగతి జోనొకుచిలో ఉంది. అక్కడ భత్యం 77,000.