నాన్నగారి కార్డు ప్రాగ్‌లో తీయవద్దు

ప్రశ్న: నేను, మావారు మ్యూనిక్‌లో ఉద్యోగం చేస్తున్నాం. గుంటూరు నుంచి అమ్మానాన్నలు రెండు నెలలు ఉండడానికి వచ్చారు. వచ్చే నెలలో ఒక వారాంతం వాళ్లకు ప్రాగ్ చూపించాలని ఉంది. నలుగురికీ 1,200 యూరోలు అవుతుందని లెక్క వేశాం. నాన్నగారి ఫారెక్స్ కార్డులో 600 యూరోలు ఉన్నాయి. ఖర్చు తానే పెడతానని పట్టు పడుతున్నారు, మాకేమో ఆయన డబ్బు ముట్టాలని లేదు. అత్యవసరాలకు దాచినది తీయమంటారా, క్రెడిట్ కార్డు మీద వాయిదాల్లో కట్టమంటారా?

జవాబు: రెండూ వద్దమ్మా. రెండు రాత్రుల సరదా కోసం అత్యవసర నిధిని కదిపితే, రేపు ఇంకో సరదాకు కూడా చెయ్యి అటే వెళుతుంది. వాయిదాల సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు, ఊరు చూసి వచ్చాక ఆరు నెలలు వడ్డీ కడుతూ కూర్చోవాలి. రైలు, హోటల్ డబ్బులు ఈ నెల కట్టేయండి, అక్కడి ఖర్చు వచ్చే నెల జీతంలోంచి పెట్టండి. ఇద్దరు సంపాదిస్తున్న ఇంట్లో అంత భారం కాదు.

నాన్నగారిని మాత్రం ఖర్చు పెట్టనివ్వండి. కూతురి ఇంట్లో చేతులు కట్టుకుని కూర్చోవడం ఆయనకు ఎంత ఇబ్బందో ఆలోచించండి. అయితే ఆ కార్డు వాడాల్సింది మ్యూనిక్‌లో. చెక్ దేశం 2004లోనే యూరోపియన్ యూనియన్‌లో చేరినా యూరోకు మారలేదు, అక్కడ చెల్లేది కొరునా. యూరోలు నింపిన కార్డును కొరునాల దుకాణంలో పెడితే సాధారణంగా ప్రతిసారీ మార్పిడి రుసుము పడుతుంది. మిగిలిన యూరోలను ఇండియాకు వెళ్లాక రూపాయల్లోకి మార్చినా నష్టమే. కాబట్టి రైలు టికెట్లు, ఈ రెండు నెలల కూరగాయలు, పాలు ఆయన కార్డు మీద. ప్రాగ్‌లో మీ కార్డు.

మీ కార్డు పెట్టేటప్పుడూ ఒక గండం ఉంది. 6,000 కొరునాలు కావాలని ఏటీఎం నొక్కుతారు. 'మీ ఖాతా యూరోల్లో ఉంది, మార్చి ఇమ్మంటారా?' అని తెర మీద మర్యాదగా అడుగుతుంది. వద్దని నొక్కండి. యూరోకు 24 కొరునాల లెక్కన మీ ఖాతాలోంచి 250 యూరోలు పోవాలి. ఆ యంత్రం 21.5 చొప్పున కడితే 279 పోతాయి. ఒక్క బటన్‌తో 29 యూరోలు! హోటల్లో, భోజనం బిల్లు దగ్గర కూడా ఇదే ప్రశ్న వస్తుంది, కొరునాల్లోనే కడతామని చెప్పండి.

కమిషన్ సున్నా అని బోర్డు పెట్టిన మార్పిడి దుకాణాల్లో లాభం రేటులోనే దాగి ఉంటుంది. పొరపాటున మార్చినా కంగారు పడకండి. 2019 ఏప్రిల్ నుంచి అక్కడి చట్టం ప్రకారం, వెయ్యి యూరోల లోపు మార్పిడిని మూడు గంటల్లోగా రద్దు చేసుకోవచ్చు. రసీదు పారేయకండి. వీధిలో పిలిచి మంచి రేటు ఇస్తామనేవారికి నోటు చూపించనే వద్దు.

చూడటానికి పెద్దగా ఖర్చవదు. పాత పట్టణంలోని 1410 నాటి ఖగోళ గడియారం ముందు గంట కొట్టే వేళకు నిలబడితే అపొస్తలుల బొమ్మలు వరుసగా కిటికీల్లోకి వస్తాయి, రుసుము లేదు. చార్లెస్ వంతెన కూడా ఉచితమే. 1357లో జ్యోతిష్కులు చెప్పిన ముహూర్తానికి చక్రవర్తి దానికి శంకుస్థాపన చేశాడని అక్కడి వాళ్లు చెప్పుకుంటారు. ఏడో నెల తొమ్మిదో తేదీ, ఉదయం 5:31 అట. అమ్మగారికి చెప్పండి, వంతెన మీద ఇంకో గంట నిలబడతారు. కోట ప్రాంగణాల్లో ఊరికే తిరగవచ్చు, సెయింట్ వైటస్ చర్చి లోపలంతా చూడాలంటే టికెట్ కొనాలి. అది కొనండి, అక్కడ పిసినారితనం వద్దు. పెద్దవాళ్ల మోకాళ్లకు రాళ్ల ఎక్కుడు పడదు, 22 నంబరు ట్రామ్ కోట దాకా వెళుతుంది.

బస పాత పట్టణం చౌరస్తా పక్కనే అక్కర్లేదు. నది అవతల స్మీఖోవ్‌లో మెట్రో దగ్గర చూడండి. నలుగురి పాస్‌పోర్టులు, అమ్మానాన్నల బీమా కాగితాలు మరవకండి.

టికెట్లు ఈ సాయంత్రమే తీయండి. కార్డు అంకెలు నాన్నగారినే చదివి చెప్పమనండి.