కొవ్వుకీ ప్రోటీన్‌కీ గొడవెక్కడుంది?

ప్రశ్న: కొన్నాళ్లుగా కొవ్వు పూర్తిగా మానేసి ప్రోటీన్ మాత్రం బాగా తీసుకోవాలని చూస్తున్నాను. కొవ్వు ఒంట్లో అస్సలు లేకపోతేనే మంచిది కదా?

జవాబు: లేదండీ, అస్సలు లేకపోతే మనిషే ఉండడు. ఇలాంటి ఉత్తరాలు చాలా వస్తున్నాయి, అందుకే దీనికి కాస్త ఎక్కువ చోటు తీసుకుంటున్నా.

కొవ్వు అనగానే మనందరికీ పొట్ట దగ్గర పేరుకున్నదే గుర్తొస్తుంది. కొవ్వులనీ, వాటిలాగే నీళ్లలో కరగని వాటి చుట్టాలనీ కలిపి లిపిడ్లు అంటారు, ఆ పొట్ట దగ్గరది లిపిడ్లలో ఒక రకం మాత్రమే, ట్రైగ్లిజరైడ్ అంటారు, ఒక గ్లిజరాల్‌కి మూడు ఫ్యాటీ యాసిడ్లు తగులుకుని ఉంటాయి. దాని ముఖ్యమైన పని ఎనర్జీ దాచడం. గ్రాముకి 9 కిలోకేలరీలు ఇస్తుంది, అదే ప్రోటీన్ అయినా పిండిపదార్థం అయినా 4 దగ్గరే ఆగిపోతాయి, పైగా గ్లైకోజెన్‌లాగా (ఒళ్లు దాచుకునే పిండిపదార్థం అది) నీళ్లని వెంటేసుకుని ఉండదు కాబట్టి తక్కువ బరువులో ఎక్కువ సరుకు పడుతుంది.

కానీ నాకు అంతకంటే గొప్పగా అనిపించేది కణం చుట్టూ ఉండే పొర. ఫాస్ఫోలిపిడ్ అనే అణువు తలకి నీళ్లంటే ఇష్టం, దాని రెండు తోకలకీ నీళ్లు అస్సలు పడవు, అలాంటివి కోట్లకొద్దీ నీళ్లలో ఉన్నప్పుడు వాటంతటవే తోకలు లోపలికి తలలు బయటికి పెట్టుకుని రెండు వరుసలుగా సర్దుకుంటాయి. 1925లో గోర్టర్, గ్రెండెల్ అనే ఇద్దరు డచ్ శాస్త్రవేత్తలు ఎర్ర రక్తకణాల్లోంచి లిపిడ్లు బయటికి తీసి నీటి మీద పరిచి కొలిస్తే కణాల ఉపరితలానికి దాదాపు రెండింతలు వచ్చింది, రెండు వరుసలన్న ఆలోచన అక్కడే పుట్టింది. (వాళ్ల లెక్కల్లో రెండు తప్పులున్నాయని, అవి ఒకదాన్నొకటి సరిచేసుకున్నాయని తర్వాత తేలింది, అయినా వాళ్లు చెప్పింది మాత్రం నిజమే.) ఆ పొర మందం ఇంచుమించు 5 నానోమీటర్లు, అంతే. అది లేకపోతే కణానికి లోపల, బయట అన్న తేడాయే ఉండదు.

ఇప్పుడు మీ ప్రోటీన్ దగ్గరికి వద్దాం. ఈ లిపిడ్ పొరలోంచి గ్లూకోజు దానంతటది దూరలేదు, సోడియం పొటాషియం అయితే అసలే దూరలేవు, వాటిని లోపలికీ బయటికీ పంపేవి ఆ పొరలోనే కూర్చుని ఉన్న ప్రోటీన్లు. గోడ కొవ్వుది, తలుపులు ప్రోటీన్‌వి అనుకోండి. ఆ పొర గట్టిగా బిగుసుకుని ఉండదని, లిపిడ్లూ ప్రోటీన్లూ అందులో అటూ ఇటూ కదులుతూ ఉంటాయని 1972లో సింగర్, నికల్సన్ అనే శాస్త్రవేత్తలు చెప్పిన నమూనానే కొద్ది మార్పులతో ఇప్పటికీ పాఠాల్లో చెప్తున్నారు.

ఇంకా ఉన్నాయి. నరాల చుట్టూ చుట్టుకుని ఉండే మైలిన్‌ని ఎండబెట్టి తూస్తే అందులో 70 శాతం పైనే లిపిడ్లు. ఊపిరితిత్తుల్లో గాలి తిత్తులు అంటుకుపోకుండా చూసేది కూడా ఎక్కువ భాగం లిపిడ్లే, నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకి ఊపిరి కష్టమవడానికి ఒక ముఖ్య కారణం అది సరిపడా తయారవకపోవడమే. కార్టిసాల్, ఈస్ట్రోజన్, టెస్టోస్టెరోన్, పైత్యరసంలోని ఆమ్లాలు అన్నీ కొలెస్ట్రాల్ నుంచే వస్తాయి. ఎ, డి, ఇ, కె విటమిన్లు ఒంటికి పట్టాలన్నా తిండిలో కొంత కొవ్వు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, లినోలిక్ యాసిడ్, ఆల్ఫా లినోలెనిక్ యాసిడ్ అనే రెండు ఫ్యాటీ యాసిడ్లని మన ఒళ్లు తయారు చేసుకోలేదు, తిండితోనే రావాలి. 1929లో శాస్త్రవేత్తలైన బర్ దంపతులు ఎలుకలకి కొవ్వు పూర్తిగా తీసేసిన తిండి పెడితే చర్మం పొలుసులు కట్టి ఎదుగుదల ఆగిపోయింది. కాబట్టి తగ్గించాలంటే తగ్గించండి, ఏ రకం కొవ్వు తింటున్నారో చూసుకోండి, పూర్తిగా మాత్రం మానేయకండి.

ప్రశ్న: ఎక్కువ ప్రోటీన్ తింటే ఒంట్లో నిల్వ ఉంటుందా?

జవాబు: ఉండదండీ. కొవ్వుకి ఉన్నట్టు ప్రోటీన్‌కి విడిగా గోదాం లేదు, ఒంట్లో ఉన్న ప్రతి ప్రోటీనూ ఏదో ఒక పనిలో ఉన్నదే. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలు అనే చిన్న అణువుల గొలుసు, వాడగా మిగిలిన అమైనో ఆమ్లాల్లోంచి నైట్రోజన్ విడిపోయి యూరియాగా మూత్రంలో పోతుంది, మిగతాది ఎనర్జీకో కొవ్వుకో వెళ్తుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకి కిలో బరువుకి రోజుకి 0.8 గ్రాములు అన్నది మామూలుగా చెప్పే లెక్క, వ్యాయామం గట్టిగా చేసేవాళ్లకి, వయసు పైబడినవాళ్లకి ఇంకొంచెం కావాలి. కిడ్నీ జబ్బు ఉంటే డాక్టర్‌ని అడక్కుండా పెంచొద్దు.

ప్రశ్న: నేను బయాలజీ స్టూడెంట్‌ని సార్. ప్రోటీన్‌కి ప్రైమరీ, సెకండరీ, టెర్షియరీ, క్వాటర్నరీ అని నాలుగు స్థాయిలు బట్టీ పడుతున్నాం. ఇది ఎందుకు పనికొస్తుందో అర్థం కావట్లేదు.

జవాబు: బట్టీ పట్టకమ్మా, ఒక్క జబ్బుని పట్టుకో, నాలుగూ వాటంతటవే గుర్తుంటాయి. సికిల్ సెల్.

ఎర్ర రక్తకణాల్లో ఆక్సిజన్‌ని మోసే ప్రోటీన్ హిమోగ్లోబిన్, అందులో నాలుగు గొలుసులు ఉంటాయి, రెండు ఆల్ఫా, రెండు బీటా. బీటా గొలుసులో 146 అమైనో ఆమ్లాలు, ఏది ముందు ఏది తర్వాత అన్న వరుసే ప్రైమరీ. ఆ గొలుసు అక్కడక్కడ స్ప్రింగులా మెలి తిరుగుతుంది, అది సెకండరీ. మెలికలన్నీ ముడుచుకుని ఒక ఆకారానికి రావడం టెర్షియరీ, అలాంటి నాలుగు ఒకచోట చేరడం క్వాటర్నరీ. నాలుగూ కలిసి ఉండటం వల్లే ఒక గొలుసు ఆక్సిజన్ పట్టుకోగానే మిగతావాటికి పట్టుకోవడం తేలికవుతుంది, విడివిడిగా ఉంటే ఆ పని జరగదు.

ఇప్పుడు బీటా గొలుసులో ఆరో చోట గ్లుటామిక్ యాసిడ్ బదులు వాలీన్ వచ్చింది అనుకో. 146లో ఒక్కటి! గ్లుటామిక్ యాసిడ్‌కి చార్జ్ ఉంటుంది, నీళ్లలో హాయిగా ఉంటుంది, వాలీన్‌కి నీళ్లు పడవు, ఆక్సిజన్ వదిలేసిన హిమోగ్లోబిన్‌లో ఈ వాలీన్ వెళ్లి పక్క హిమోగ్లోబిన్ మీదున్న గుంటలో ఇరుక్కుంటుంది, అలా ఒకదానికొకటి అతుక్కుంటూ పొడుగాటి తాళ్లలా తయారై రక్తకణం కొడవలిలా వంగిపోతుంది, సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడుతుంది, భరించలేని నొప్పి వస్తుంది. ఈ హిమోగ్లోబిన్ వేరేగా ఉందని 1949లో పాలింగ్ అనే శాస్త్రవేత్త బృందం చూపించింది, ఆ తేడా ఎక్కడుందో కొన్నేళ్లకే ఇంగ్రామ్ అనే ఇంకో శాస్త్రవేత్త పట్టుకున్నాడు.

మొదటి జవాబులో లిపిడ్ తోకలు నీళ్ల నుంచి దాక్కుంటాయని రాశాను కదా, ప్రోటీన్ ముడుచుకోవడానికి కూడా పెద్ద కారణం అదే, నీళ్లు పడని అమైనో ఆమ్లాలు లోపలికి పోతాయి. కణం పొరనీ ప్రోటీన్ ఆకారాన్నీ నిలబెట్టే ఆ బలం ఒక్కటే, పాఠాలు వేరువేరు చాప్టర్లలో ఉండటం వల్ల పిల్లలకి ఈ సంగతి తెలియకుండా పోతోందని నా బాధ.

ప్రశ్న: రిపోర్ట్‌లో ఎల్‌డీఎల్ ఎక్కువ వచ్చింది. మంచి కొలెస్ట్రాల్, చెడ్డ కొలెస్ట్రాల్ అని రెండు రకాలు ఉంటాయా?

జవాబు: కొలెస్ట్రాల్ ఒక్కటేనండీ, 27 కార్బన్ల అణువు, రెండింట్లోనూ అదే. తేడా దాన్ని మోసే ప్యాకెట్‌లో ఉంది. కొలెస్ట్రాల్ రక్తంలో కరగదు కాబట్టి ప్రోటీనూ లిపిడ్లూ కలిసిన చిన్న ఉండల్లో తిరుగుతుంది, వాటినే లైపోప్రోటీన్లు అంటారు. చెడ్డది అంటున్నది ఎల్‌డీఎల్ అనే ఉండలో తిరిగే కొలెస్ట్రాల్‌నే. ఎల్‌డీఎల్ ఉండ మీద అపోబి-100 అనే ఒక పెద్ద ప్రోటీన్ ఉంటుంది, లివర్ కణాల మీదున్న రిసెప్టర్ దాన్ని గుర్తుపట్టి ఉండ మొత్తాన్ని లోపలికి లాక్కుంటుంది. ఈ రిసెప్టర్ సంగతి బయటపెట్టినందుకే బ్రౌన్, గోల్డ్‌స్టీన్ అనే శాస్త్రవేత్తలకి 1985లో నోబెల్ వచ్చింది. రిసెప్టర్లు తక్కువుంటే ఎల్‌డీఎల్ రక్తంలోనే ఎక్కువసేపు తిరుగుతూ రక్తనాళాల గోడల్లో చేరుతుంది, అదీ ప్రమాదం. కొందరికి ఆ రిసెప్టర్ జన్యువులోనే లోపం ఉంటుంది, వాళ్లకి ఎంత పత్యం చేసినా చాలినంత దిగదు, అది వాళ్ల తప్పు కాదు, ఇంట్లో వాళ్లు నిందించకూడదు. స్టాటిన్ మాత్రలు లివర్‌లో కొలెస్ట్రాల్ తయారీని తగ్గిస్తాయి, అప్పుడు లివర్ ఎక్కువ రిసెప్టర్లు పెట్టుకుని రక్తంలోంచి లాక్కుంటుంది. డాక్టర్ రాసిచ్చి ఉంటే మీ అంతట మీరు ఆపేయొద్దు.

ప్రశ్న: కొలాజెన్ పౌడర్ తాగితే చర్మం బిగుతుగా అవుతుందా?

జవాబు: తాగిన కొలాజెన్ కొలాజెన్‌గా చర్మానికి చేరదు. కడుపులో, పేగుల్లో అది అమైనో ఆమ్లాలుగా, చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది, వాటిని ఒళ్లు ఎక్కడ అవసరమైతే అక్కడ వాడుకుంటుంది, నేరుగా బుగ్గల దగ్గరికే వెళ్లమని చెప్పే దారి లేదు. కొలాజెన్ అంటే మూడు గొలుసులు పేనుకున్న తాడు, ఆ ఆకారాన్ని 1954, 55ల్లో మద్రాసులో జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా ప్రతిపాదించారు, ప్రతి మూడో చోటా అన్నిటికంటే చిన్న అమైనో ఆమ్లమైన గ్లైసీన్ ఉండబట్టే మూడూ అంత దగ్గరగా ఇమడగలుగుతున్నాయి. ఆ తాడు గట్టిపడాలంటే విటమిన్ సి కావాలి, అది లేకే స్కర్వీలో చిగుళ్లు రక్తం కారతాయి. ఇంకో సంగతి, కొలాజెన్‌లో ట్రిప్టోఫాన్ అనే అత్యవసరమైన అమైనో ఆమ్లం అసలు లేదు, అందుకని రోజువారీ ప్రోటీన్ మొత్తానికి ఈ పౌడర్ మీదే ఆధారపడకండి.