గట్టు మీద ఉన్నది నాన్న కాదు

ప్రశ్న: ఇందుకూరుపేట దగ్గర మాకు రొయ్యల చెరువులు ఉన్నాయి. మా అమ్మాయి తొమ్మిదో తరగతి. మార్కులు బాగానే వస్తాయి కానీ, ఎప్పుడు చూసినా దెయ్యాల కథలు, వేరే లోకాల కథలే. ఈమధ్య తానే రాయడం మొదలుపెట్టింది. ఒకరోజు నోటుబుక్కు తెరిచి చూశాను. అర్ధరాత్రి చెరువులో నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతాయట. నీళ్లలోంచి ఏదో నా గొంతుతో కూతురిని పిలుస్తుందట. ‘గట్టు మీద ఉన్నది నాన్న కాదు’ అన్న వాక్యం దగ్గర కథ ఆగిపోయింది. కోపం పట్టలేక చించేశాను. పది రోజులుగా నాతో మాట్లాడడం లేదు. కన్నతండ్రినే దెయ్యంగా రాసిందంటే మనసు బాగున్నట్టేనా? డాక్టరుకు చూపించాలా?

జవాబు: ఆ వాక్యం మరోసారి చదవండి. దెయ్యం మా నాన్నే అని రాయలేదు మీ అమ్మాయి. అది నాన్న కాదని రాసింది. ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

ఏరేటర్లు ఆగితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. రాత్రంతా నీటిలోని నాచు కూడా ఆక్సిజన్‌ను వాడుకుంటుంది. తెల్లవారుజాముకు ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ వేళకు కరెంటు పోయి జనరేటరు మొరాయిస్తే, నెలల తరబడి పెట్టిన పెట్టుబడి నీటి మీద తేలుతుంది. అలాంటి రాత్రి ఫోను మోగగానే మీరు పరుగెత్తడం, ఎవరి మీదో అరవడం ఆ పిల్ల పక్క మీద పడుకుని వినే ఉంటుంది. ఆ గొంతు తనకు తెలిసిన నాన్నది కాదనుకుని ఉండవచ్చు. ఇది నా ఊహే. కానీ ఏరేటర్లు ఆగిపోవడం అనే భయం మాత్రం ఆమె ఏ పుస్తకంలోంచీ తెచ్చుకున్నది కాదు, మీ ఇంట్లోదే. మీరు పైకి చెప్పుకోని దాన్ని ఆమె కథగా రాసింది.

అలాగని ప్రతి దెయ్యం వెనుకా ఒక బాధ ఉంటుందని వెతకకండి. తిరునాళ్లలో రంగులరాట్నం ఎక్కి కేకలు వేసేవాళ్లంతా కష్టాల్లో ఉన్నవాళ్లా? ఏమీ కాదని తెలిసి భయపడడంలో ఒక సంతోషం ఉంది. చందమామ 1947లో మొదలైంది. అందులోని బేతాళుడికి భయపడి ఎన్నో ఇళ్లలో పిల్లలు రాత్రిపూట పెరట్లోకి ఒంటరిగా వెళ్లేవారు కాదు. మా ఇల్లూ అందులో ఒకటే. మీ నెల్లూరి తిక్కనకు కేతన అంకితమిచ్చిన దశకుమార చరిత్ర చూడండి, పాతాళాలు, మంత్రాలు, మాయలు ఎన్ని ఉన్నాయో! తిక్కన దాన్ని చించలేదు.

ఈ కథలు ఎందుకు పనికొస్తాయని బంధువులు అడుగుతారు. అమెరికాలో రాబర్ట్ గొడార్డ్ అనే కుర్రాడు పదహారేళ్ల వయసులో, 1898లో, అంగారకవాసుల దండయాత్ర నవల చదివి అంతరిక్షం మీద మోజు పెంచుకున్నాడు. 1926లో ద్రవ ఇంధనంతో మొదటి రాకెట్‌ను ఎగరేసింది ఆయనే. శ్రీహరికోట నుంచి రాకెట్ లేచినప్పుడు మేడ ఎక్కి చూసేవాళ్లకు ఈ జవాబు చాలు. నాకైతే ఈ వాదన అంతగా నచ్చదు. మీ అమ్మాయి శాస్త్రవేత్త కాకపోయినా ఆమెకు కథలు కావాలి.

మేరీ షెల్లీ ఫ్రాంకెన్‌స్టైన్ రాయడం మొదలుపెట్టినప్పుడు ఆమెకు పద్దెనిమిదేళ్లు. 1818లో అచ్చయిన ఆ నవలలో, ప్రాణం పోసినవాడే ఆ ప్రాణిని చూసి జడుసుకుని పారిపోతాడు. తరువాతి ఘోరాలన్నీ అక్కడి నుంచే మొదలవుతాయి.

డాక్టరు సంగతి. నిద్ర చెడినా, తిండి మానినా, స్నేహితులకు దూరమైనా, చచ్చిపోవాలని ఉందని రాసినా, అన్నా ఆలస్యం చేయకండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలి మానస్ 14416కు ఫోను చేయవచ్చు. మీరు రాసినదాంట్లో అవేవీ లేవు. పది రోజుల మౌనానికి కారణం మీకూ తెలుసు.

ఆమె దగ్గరకు వెళ్లి, ‘నీ పుస్తకం అడగకుండా తెరిచాను, చించాను, రెండూ తప్పే’ అనండి. దాని వెనకాల ‘కానీ’ తగిలించకండి. తండ్రి కూతురికి క్షమాపణ చెప్పడమేమిటని ఇంట్లో పెద్దవాళ్లు గొణిగితే గొణగనివ్వండి. చించిన కాగితాలు ఏం చేశారో మీరు రాయలేదు. ఇంట్లోనే ఉంటే ముక్కలు ఏరి, అతికించి ఆమెకు ఇవ్వండి. తనకు ఇష్టమైతేనే, నీళ్లలోంచి వచ్చిన ఆ పిలుపుకు కూతురు పలికిందా లేదా అని అడగండి.