ఆ జాజ్ ఓపెనింగ్ ‘కౌబాయ్ బీబాప్’ది

ఏ సిరీస్‌దో గుర్తురాని ఒక ఓపెనింగ్ పాట గురించి అడిగారు. పాడేవాళ్లు లేరు, మొదట్లో ఒక మగగొంతు నాలుగు ముక్కలు మాట్లాడుతుంది, రంగురంగుల పలకల మీద నల్లటి నీడలు పరుగెడతాయి అన్నారు కదా. అది కచ్చితంగా 1998 నాటి జపాన్ యానిమేషన్ సిరీస్ ‘కౌబాయ్ బీబాప్’. పాట ‘ట్యాంక్!’, స్వరపరిచింది యోకో కన్నో, వాయించింది సీట్‌బెల్ట్స్ బృందం.

మీ దగ్గరున్న పాట ఫైల్ నిమిషంన్నరకే ఆగిపోతోందని టెన్షన్ పడకండి, పాడవలేదు. టీవీ కోసం కుదించిన ముక్క అది. పూర్తి పాట మొదటి సౌండ్‌ట్రాక్ ఆల్బమ్‌లో ఉంది, మూడు నిమిషాలు దాటుతుంది. అందులో మసాతో హోండా సాక్సోఫోన్ సోలో వింటే ఒళ్లు పులకరిస్తుంది! హెడ్‌ఫోన్స్ పెట్టుకునే వినండి. ఫోన్ స్పీకర్‌లో ఆ బేస్ నడక సగం కూడా తెలియదు. వెతికితే నటులతో తీసిన 2021 నెట్‌ఫ్లిక్స్ సిరీస్ వీడియో కూడా వస్తుంది. ట్యూన్ ఇదే కానీ, మీరు చూసింది పాతదే.