బంగారం నిజమే, నాణెం కాదు

బుజ్జీ,

ఇంగ్లండ్ రాజు మూడో ఎడ్వర్డ్ కాలపు పాత బంగారు నాణెం, నోబుల్, కొంటున్నావట, మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. "లండన్ వెళ్లి వాళ్ల మామయ్య నాణేల పిచ్చే అంటించుకుంది, ఆ డబ్బుకి గాజులొచ్చేవి" అని ఒకటే గోల. నాకైతే రాత్రంతా నిద్ర పట్టలేదు. సగం సంతోషం, సగం టెన్షన్.

రసీదు తీసుకో. తూకం వేయించు. 1351 తర్వాత కొట్టిన ఎడ్వర్డ్ నోబుల్ అయితే 7.8 గ్రాములకు దగ్గరగా ఉండాలి. బాగా తగ్గిందంటే ఎవడో అంచు కత్తిరించుకున్నాడని అర్థం. చుట్టూ ఉన్న అక్షరాల తలలు తెగాయేమో చూడు. నాణెం మీద ఓడలో కత్తీ డాలూ పట్టుకుని నిలబడ్డ రాజుగారు కాస్త పక్కకి జరిగితే మాత్రం కంగారుపడకు. కింది అచ్చుని దుంగలో దిగ్గొట్టి, పై అచ్చుని చేత్తో పట్టుకుని సుత్తితో కొట్టేవాళ్లు. ప్రతిసారీ ముద్ర నడిమధ్యనే ఎలా పడుతుంది?

నా భయం వేరే.

నాకు ఇరవై ఏడేళ్లప్పుడు కొచ్చిలో ఒక పాత సామాన్ల కొట్లో వెనిస్ డూకాట్ కనపడింది. 1284లో మొదలై శతాబ్దాల తరబడి అదే బొమ్మతో వచ్చిన నాణెం. ఒకవైపు మోకాళ్ల మీదున్న డోజ్‌కి, అంటే వెనిస్ పాలకుడికి, సెయింట్ మార్క్ జెండా కర్ర అందిస్తుంటాడు. రెండోవైపు నక్షత్రాల మధ్య క్రీస్తు. మన కంసాలి గీటురాయి మీద గీసి "మేలిమి బంగారమండీ" అన్నాడు. తూకం కూడా మూడున్నర గ్రాములు. ఇంకేం కావాలి? రెండు నెలల జీతం పోసి కొన్నాను. ఆరేళ్లపాటు ఇంటికొచ్చిన ప్రతివాడికీ కాఫీ కంటే ముందు అదే చూపించాను.

ఒకరోజు ఓ పెద్దాయన భూతద్దం పెట్టి చూసి, "దీని మీద ఏం రాసుందో చదవండి" అన్నారు. జెండా కర్ర పక్కన నిలువుగా 'డూక్స్' అని మూడు లాటిన్ అక్షరాలుండాలి. నా దాని మీద మూడు గీతలున్నాయి. అంచు చుట్టూ పుల్లలూ చుక్కలూ. నేనొక్క అక్షరమూ చూడలేదు, బుజ్జీ! డూకాట్ అంటే మన దక్షిణాదిలో అంత నమ్మకం. నగల కోసం ఇక్కడే నకళ్లు చేసేవారు. లాటిన్ రాని చేతులకి అక్షరాలు కూడా ముగ్గులే కదా. తమిళనాట వీటిని షాణార్ కాసు అనేవారట, జెండా కర్ర తాటిచెట్టులా, పక్కన మనిషి కల్లుగీసే షాణార్‌లా కనపడి. నా దాని మీదైతే అచ్చంగా తాటిచెట్టే.

అందుకే "గోల్డ్ టెస్ట్ చేశాం" అంటే సంబరపడిపోకు. అసలు నోబుల్ ఫొటో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చదువు. తెలియకపోతే మ్యూజియం వాళ్లనడుగు, సిగ్గేం లేదు. కొన్నాక తళతళలాడాలని చింతపండు పెట్టి తోమావో, విమానమెక్కి వచ్చి తంతాను.

ఆ డూకాట్‌కి మీ అత్తయ్య రింగు అతికించి తన కాసులపేరు నడిమధ్యలో వేయించుకుంది. నకలని తెలిశాకే. నీ పెళ్లికి అది నీకేనట.

నోబుల్ చేతికి రాగానే రెండువైపులా ఫొటో తీసి పంపు. దగ్గరగా, అక్షరాలు కనపడేలా.

మామయ్య