మామ్మను అడగండి: ఉడత మా రాజును తిడుతోందా?

ప్రశ్న: మామ్మగారూ, మా కుక్క పేరు రాజు. మా పెరట్లో జామచెట్టు ఉంది. దాని మీద ఒక ఉడత ఉంది. అది కిందికి దిగితే చాలు, రాజు తరుముతాడు. ఉడత చెట్టెక్కేసి కిచ్ కిచ్ అని ఒకటే అరుపు. రాజును తిడుతోందా? రాజు చెట్టు ఎందుకు ఎక్కలేడు?
– రెండో తరగతి అబ్బాయి, సోంపేట

జవాబు: నాన్నా, ‘ఉదత’ అని రాసి, కొట్టేసి, ‘ఉడత’ అని దిద్దుకున్నావు చూడు, అది నాకు భలే నచ్చింది. నేను కవిటి వైపు పల్లెల్లో ముప్పయ్యేళ్ళు అక్షరాలు దిద్దించినదాన్ని. అందుకే చిన్న చిన్న మాటల్లో రాస్తున్నాను. కూడబలుక్కుని నువ్వే చదువు. అమ్మ చేత చదివించకు.

ఆ అరుపు తిట్టు కాదు. మిగతా ఉడతలకి కబురు. ‘కుక్క వచ్చింది, జాగ్రత్త!’ అని. పిల్లి వచ్చినా అంతే. ఈసారి తోక చూడు. ఒక్కో అరుపుకి ఒక్కో విదిలింపు.

రాజుకీ కోపం లేదు. ఏది పరిగెడితే దాని వెంట పడడం కుక్క గుణం. బంతయినా, తొండయినా, సైకిలైనా.

ఉడత గోళ్ళు సూదుల్లా ఉంటాయి. బెరడులో దిగుతాయి. దాని వెనక పాదాలు వెనక్కి తిరుగుతాయి. అందుకే తలకిందులుగా దిగగలదు. రాజు గోళ్ళు మొద్దువి. నేల మీద పరుగుకే పనికొస్తాయి.

వీపు మీద చారలు లెక్కపెట్టావా? మన వైపు ఉడతకి మూడు. రాముడు వేళ్ళతో నిమిరాడని మా నాయనమ్మ చెప్పేది. ఉత్తరాది ఉడతకి ఐదు చారలుంటాయి. అక్కడ ఐదు వేళ్ళతో నిమిరాడేమో మరి!

అన్నట్టు, రాజుకి రేబిస్ టీకా వేయించారా? నాన్నని అడుగు. 1885 జులై 6న లూయీ పాశ్చర్ తొమ్మిదేళ్ళ పిల్లాడికి ఆ టీకా మొదలుపెట్టించి కాపాడాడు. అందుకే ఏటా ఆ రోజు పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకి టీకాలు వేస్తుంటారు.

మా కుక్క నల్లోడి సంగతి కూడా చెబుతాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చింది. మా పెరట్లో ఎనిమిది కొబ్బరిచెట్లకి ఏడు పడిపోయాయి. ఓ ఉడత మా వసారా చూరులో గూడు పెట్టింది. కొబ్బరి పీచు తెచ్చింది. నా నేతచీర అంచు కొరికి దారాలు లాగింది. (మంచి చీర. ఇప్పటికీ బాధే.)

ఓ మధ్యాహ్నం నల్లోడు గోనెసంచి మీద పడుకున్నాడు. ఉడత రాట మీంచి దిగింది. ఆగింది. రెండడుగులు వేసింది. మళ్ళీ ఆగింది. గోనె అంచు పట్టి నార పీకింది. ముందుకాళ్ళతో ఉండ చుట్టి నోట కరుచుకుంది. నార అటూ ఇటూ మీసాల్లా వేలాడింది. నల్లోడు ఒక కన్ను తెరిచాడు. ఒక చెవి లేపాడు. నా గుండె ఝల్లుమంది. వాడు ఉఫ్‌మని ఊపిరి వదిలి, మళ్ళీ కన్ను మూశాడు. గంజన్నం ఎక్కువైంది కాబోలు.

సాయంత్రం లేచి, చూరు కింద నిలబడి గంటసేపు మొరిగాడు.